ములాగో కేసు కాగితాలు

1957లో ఒకరోజు, ఉగాండా రాజధాని కంపాలాలో ఉన్న ములాగో ఆసుపత్రి పిల్లల వార్డు నుంచి డాక్టర్ హ్యూ ట్రోవెల్ ఒక సర్జన్‌కు కబురు పంపాడు. వార్డులో అయిదేళ్ల పిల్లవాడు ఉన్నాడు. పై దవడకు రెండు పక్కలా, కింది దవడకు రెండు పక్కలా గడ్డలు లేచాయి. పళ్లు కదిలిపోయాయి. ముఖం గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. చీముగడ్డ అనుకుందామంటే నాలుగు చోట్లా ఒకేసారి రాదు. కేన్సర్ అనుకుందామంటే అదీ ఇలా నాలుగు మూలలా పెరగదు. సర్జన్ పేరు డెనిస్ బర్కిట్. ఐర్లండ్ మనిషి, చిన్నప్పుడు జరిగిన ప్రమాదంలో ఒక కన్ను పోయినవాడు. ఉన్న ఒక్క కంటితో ఆ పిల్లవాడిని చూసి, ఫొటోలు తీసుకుని, ఏమీ తేల్చలేక వెనక్కి వెళ్లాడు.

కొన్ని వారాల తర్వాత బర్కిట్ జింజా పట్నంలోని ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ వార్డు కిటికీలోంచి బయటికి చూస్తే, పచ్చికలో తల్లి పక్కన కూర్చున్న ఒక పాప కనిపించింది. అదే ముఖం, అవే నాలుగు గడ్డలు. దగ్గరికి వెళ్లి చూస్తే కడుపులోనూ గడ్డలున్నాయి. ఒకసారి చూసింది వింత. రెండోసారి చూసింది వ్యాధి. బర్కిట్ ములాగోకు తిరిగివచ్చి పాత కేసు కాగితాల కట్టలు విప్పాడు. దవడ గడ్డలున్న పిల్లలు ఒక కట్టలో, మూత్రపిండాల గడ్డలున్నవాళ్లు మరో కట్టలో, అండాశయం, కాలేయం గడ్డలున్నవాళ్లు ఇంకో కట్టలో ఉన్నారు. అప్పటిదాకా వేరువేరు జబ్బులుగా రాసిపెట్టినవి ఒకే పిల్లల ఒంట్లో మళ్లీ మళ్లీ కలిసి కనిపించాయి. 1958లో 38 మంది పిల్లల వివరాలతో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో ఆయన వ్యాసం అచ్చయింది. వైద్య ప్రపంచం దాన్ని దాదాపు పట్టించుకోలేదు.

ఆ కట్టలు అక్కడ ఉండడం వెనక అరవై ఏళ్ల కథ ఉంది.

1897 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ కుక్ అనే ఇంగ్లీషు మిషనరీ డాక్టరు మొంబాసా తీరం నుంచి నెలల తరబడి కాలినడకన బుగాండా రాజ్యానికి చేరుకున్నాడు. కంపాలా కొండల మీద పరుచుకున్న ఊరు. మెంగో కొండ మీద రాజు కోట, పక్కనే నమిరెంబె కొండ మీద చర్చి. కుక్ ఆ మెంగోలోనే ఆసుపత్రి తెరిచాడు. తనతో పాటు అదే బృందంలో నడిచి వచ్చిన నర్సు కేథరిన్ టింప్సన్‌ను మూడేళ్లకు పెళ్లాడాడు. తమ్ముడు జాక్ కుక్ కూడా డాక్టరై వచ్చి చేరాడు. 1902లో పిడుగుపడి ఆసుపత్రి కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. కేథరిన్ తర్వాతి కాలంలో ఉగాండా యువతులకు మంత్రసాని పని నేర్పే బడి నడిపింది.

వీటన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచింది కుక్‌కు ఉన్న ఒక అలవాటు. వార్డులో చేరిన ప్రతి మనిషికీ ఒక కాగితం రాశాడు. పేరు, వయసు, ఊరు, జబ్బు, చేసిన వైద్యం, చివరికి ఏమైందీ. అవసరమైన చోట బొమ్మ కూడా గీశాడు. ఆ కాగితాలను పుస్తకాలుగా కుట్టించి దాచిపెట్టాడు. దశాబ్దాల తర్వాత ములాగో డాక్టర్లు ఆ పుస్తకాలు తిరగేసి, 1897 నుంచి 1956 వరకు మెంగోలో నమోదైన కేన్సర్ కేసులన్నీ లెక్కగట్టి 1964లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఆఫ్రికాలో కేన్సర్ ఉండదనీ, అది నాగరికులకు వచ్చే జబ్బనీ అప్పట్లో చాలామంది డాక్టర్లు నమ్మేవారు. ఆ నమ్మకానికి జవాబు కుక్ దస్తూరీలోనే దొరికింది. బర్కిట్ కంటే ఎన్నో ఏళ్ల ముందే దవడలు ఉబ్బిన పిల్లలు మెంగో వార్డుకు వచ్చి వెళ్లిన సంగతి కూడా అందులోనే బయటపడింది.

అంతకు చాలా ముందే మెంగో వార్డులో మరో జబ్బు బయటపడింది. 1901లో కుక్ సోదరులు కొందరు రోగుల్లో ఒక వింత నిద్రమత్తు గమనించారు. మనిషి మాట్లాడుతూనే తూగిపోతాడు, నెలలు గడిచేకొద్దీ చిక్కిపోతాడు, చివరికి లేవడు. అది అతినిద్ర వ్యాధి. విక్టోరియా సరస్సు ఒడ్డునున్న బుసోగా, బుగాండా పల్లెల్లో కొద్ది ఏళ్లలోనే రెండు లక్షల మందికి పైగా దానికి బలయ్యారు. లండన్ రాయల్ సొసైటీ పంపిన బృందంలో ఆల్డో కాస్టెలానీ రోగుల వెన్నుద్రవంలో సూక్ష్మజీవిని చూశాడు. తర్వాత వచ్చిన డేవిడ్ బ్రూస్, దాన్ని మోసేది సెట్సీ ఈగ అని తేల్చాడు. చివరికి గవర్నర్ హెస్కెత్ బెల్ సరస్సు ఒడ్డు పల్లెలనే ఖాళీ చేయించాడు. జబ్బు తగ్గింది. తరతరాలుగా చేపల వేట మీద బతికినవాళ్లు ఊళ్లు వదిలి లోపలికి పోవాల్సివచ్చింది. ఉగాండాలో ప్రజారోగ్యం మొదలైంది అలా.

1913లో మెంగోకు దగ్గరలోని ములాగో కొండ మీద సుఖవ్యాధులకూ అతినిద్ర వ్యాధికీ చికిత్స చేసే చోటు వెలిసింది. అదే ములాగో ఆసుపత్రికి పుట్టుక. 1920ల్లో పక్కనున్న మకెరెరె కొండ మీద కాలేజీ వచ్చింది, దాని వైద్య విద్యార్థులకు ములాగో వార్డులే తరగతి గదులయ్యాయి. తూర్పు ఆఫ్రికాకు డాక్టర్లను తయారుచేసిన మొదటి చోటు ఇదే. వార్డులో రోగి, పక్కన నేర్చుకునే కుర్రవాడు, చనిపోతే కోసి కారణం చూసే పాథాలజీ గది. మూడూ ఒకే కొండ మీద ఉండడమే ములాగో బలమైంది.

ఆ బలం మొదట పరీక్షకు నిలిచింది పిల్లల ఆకలి దగ్గర. కాళ్లు ఉబ్బి, చర్మం పెచ్చులూడి, జుట్టు రాగి రంగుకు తిరిగి, ఏడవడానికి కూడా ఓపిక లేని పిల్లలు వార్డు నిండా ఉండేవారు. కొంకిపురుగులన్నారు, పెలాగ్రా అన్నారు, తల్లిదండ్రుల సవాయి వ్యాధి అన్నారు. 1930ల్లో గోల్డ్ కోస్ట్‌లో పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టరు, అక్కడి గా భాషలో తల్లులు ఆ జబ్బును పిలిచే పేరునే వైద్య పత్రికలోకి తెచ్చింది. అదే క్వాషియార్కర్. మన బడి పుస్తకాల్లో పిల్లలు ఇప్పటికీ బట్టీపట్టే మాట. మరో బిడ్డ కడుపున పడితే చంకదిగాల్సివచ్చిన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. కంపాలా చుట్టుపక్కల గాండా తల్లుల దగ్గర కూడా ఆ జబ్బుకు ఒక పేరుంది, ఒబ్వోసి. రెండు వేల మైళ్ల దూరంలో ఉన్న తల్లులు కూడా దాన్ని తర్వాతి కాన్పుతోనే ముడిపెట్టారు. పాలు మాన్పించిన బిడ్డకు గాండా ఇళ్లలో ఉడికించిన పచ్చి అరటి, అంటే మటోకే, పెట్టేవారు. కడుపు నిండేది కానీ అందులో మాంసకృత్తులు చాలా తక్కువ. తల్లుల మాటలోని నిజం డాక్టర్లకు తలకెక్కడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ములాగోలో ట్రోవెల్, ఆయన దగ్గర పనిచేసిన ఉగాండా డాక్టర్ ఏరియా మువాజి కలిసి ఈ పిల్లల మీద వ్యాసాలు రాశారు. పాథాలజిస్టు జాక్ డేవిస్ చనిపోయిన పిల్లల కాలేయాలు, క్లోమాలు పరీక్షించాడు. 1954లో ట్రోవెల్, డేవిస్, రెక్స్ డీన్ కలిసి క్వాషియార్కర్ మీద పెద్ద పుస్తకమే తెచ్చారు. మాంసకృత్తుల లోటును తీర్చే పాలపొడి మిశ్రమాలు తయారై, ప్రాణాలు నిలబడ్డాయి.

ఐతే ఇక్కడే ఒక గట్టి పాఠం ఎదురైంది. పరిశోధన కోసం పిల్లల నుంచి పదేపదే రక్తం తీయడం తల్లులకు భయం పుట్టించింది. రక్తం తీసిన బిడ్డ చనిపోతే, జబ్బు వల్ల పోయాడో సూది వల్ల పోయాడో తల్లికి చెప్పేదెవరు? తెల్లవాళ్లు రక్తం పట్టుకుపోతున్నారన్న పుకారు ఊళ్లలో పాకింది. మరోవైపు, బాగుపడి ఇంటికెళ్లిన పిల్లలు కొన్నాళ్లకు మళ్లీ ఉబ్బిన కాళ్లతో వచ్చేవారు. పాలపొడి ఆసుపత్రిలో ఇచ్చే మందు అనుకున్న తల్లికి, ఇంట్లో ఏం వండాలో ఎవరూ చెప్పలేదు.

1965లో ములాగో ఆవరణలోనే మ్వానముగిము అనే కేంద్రం తెరిచారు. ఆరోగ్యంగా ఉన్న తల్లి దగ్గరే బిడ్డ ఆరోగ్యంగా ఉంటుందనే అర్థంలో గాండా వాళ్లు చెప్పుకునే సామెత నుంచి ఆ పేరు తీసుకున్నారు. అక్కడ తల్లే వంట చేస్తుంది. మటోకేకు చిక్కుడు గింజలో, వేరుసెనగపప్పో, దొరికితే ఎండుచేపో చేర్చి, అరటాకులో కట్టి, ఆవిరి మీద ఉడికిస్తుంది. ఆ కలగూర ముద్దకు కిటొబెరో అని పేరు. రెండు మూడు వారాల్లో బిడ్డ ముఖంలో కళ రావడం తల్లి తన కళ్లతో చూస్తుంది. మందు ఇచ్చింది తన చెయ్యేనని తెలుసుకుని ఇంటికి వెళ్తుంది. పరిశోధన ఫలితాన్ని పాలపొడి డబ్బా నుంచి పొయ్యి దగ్గరికి తెచ్చిన ఆ కేంద్రం ఇప్పటికీ నడుస్తోంది.

ఇక బర్కిట్ దగ్గరికి వద్దాం. 1948లో కంపాలాకు రాకముందు ఆయన ఉత్తరాన లిరా పట్నంలో పనిచేశాడు. అక్కడ ఓపీకి వరిబీజంతో వచ్చే మగవాళ్లు చాలా ఎక్కువ. రోజూ ఆపరేషన్లు చేస్తూ బర్కిట్ ఒక్క ప్రశ్న మాత్రం విడవకుండా అడిగేవాడు: ఏ ఊరు? తూర్పు పల్లెల నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ, పడమటి పల్లెల నుంచి బహు తక్కువ అని తేలింది. పటం మీద గుర్తులు పెట్టి చూస్తే జబ్బుకు ఒక సరిహద్దు కనిపించింది. దాని వెనక ఉన్నది బోదకాలు పురుగు, దాన్ని మోసే దోమ. గోదావరి జిల్లాల పాతతరం వాళ్లకు ఈ జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు. పటం వేసే బుద్ధి బర్కిట్‌కు ఇంటి నుంచే అబ్బింది. తండ్రి ఐర్లండ్‌లో కౌంటీ ఇంజినీరు. తన తోటలో రాబిన్ పిట్టల కాళ్లకు ఉంగరాలు తొడిగి, ఏ పిట్ట ఏ మేర తనదనుకుంటుందో కాగితం మీద గీసినవాడు.

దవడ గడ్డల విషయంలోనూ బర్కిట్ అదే ప్రశ్న అడిగాడు. ఆఫ్రికా అంతటా ఉన్న ఆసుపత్రులకు పిల్లల ఫొటోలతో కరపత్రాలు పంపాడు. ఇలాంటి బిడ్డను చూశారా, చూస్తే ఎక్కడ? జవాబులు రాగానే పటం మీద గుండుసూదులు గుచ్చాడు. భూమధ్యరేఖకు అటూ ఇటూ ఒక పట్టీ కనిపించింది, తూర్పు తీరం వెంట దక్షిణానికి ఒక తోక సాగింది. ఆ తోక ఎక్కడ తెగుతుందో కళ్లారా చూడాలనుకున్నాడు. 1961 అక్టోబరులో 250 పౌండ్లు పెట్టి ఒక పాత ఫోర్డ్ బండి కొన్నాడు. వెస్ట్ నైల్ ప్రాంతంలో కులువా ఆసుపత్రి నడిపే టెడ్ విలియమ్స్, మరో మిషనరీ డాక్టర్ క్లిఫ్ నెల్సన్ తోడుగా బయలుదేరాడు. పది వారాలు, పది వేల మైళ్లు, 57 ఆసుపత్రులు. ప్రతి చోటా వార్డులోకి వెళ్లి ఫొటో చూపించడం, రిజిస్టరు తిప్పడం, ఊరు పేరు రాసుకోవడం.

తిరిగొచ్చేసరికి సంగతి స్పష్టమైంది. ఎత్తైన కొండ ప్రాంతాల్లో ఈ జబ్బు లేదు. చలి ఎక్కువున్న చోటా, వాన తక్కువున్న చోటా లేదు. ఎంటెబ్బేలోని వైరస్ పరిశోధన సంస్థలో పనిచేసే అలెగ్జాండర్ హాడో ఆ హద్దులు చూసి, అవి దోమ బతికే హద్దుల్లాగే ఉన్నాయన్నాడు. దోమ మోసే వైరస్ ఏదైనా ఉందా అని వెతికారు. చివరికి తేలింది కొంచెం వేరు. మలేరియా ఏడాది పొడవునా ఉండే చోట, అది పసిబిడ్డల రోగనిరోధక శక్తిని మళ్లీ మళ్లీ కుదిపేస్తుంది. ఆ నేల మీద ఒక వైరస్ కేన్సర్‌కు విత్తనమవుతుంది.

ఆ వైరస్ దొరికిన తీరూ చెప్పుకోదగ్గదే. 1961 మార్చిలో బర్కిట్ లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. వెనక వరసలో కూర్చున్న ఆంథొనీ ఎప్‌స్టైన్ అనే పరిశోధకుడికి ఈ కేన్సర్‌కు వైరస్ కారణం కావచ్చనిపించింది. ములాగో ఆపరేషన్ గది నుంచి గడ్డ ముక్కలు విమానంలో లండన్ వెళ్లడం మొదలైంది. రెండేళ్లకు పైగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఏమీ కనబడలేదు. 1963 డిసెంబరులో ఒక విమానాన్ని పొగమంచు వల్ల మాంచెస్టర్‌కు మళ్లించారు. ఆలస్యంగా చేతికొచ్చిన సీసాలో ద్రవం మబ్బుగా ఉంది. పాడైపోయిందని పారబోసేయాల్సింది. పారబోసే ముందు ఎప్‌స్టైన్ ఒక చుక్క చూశాడు. మబ్బుకు కారణం బాక్టీరియా కాదు, గడ్డ నుంచి ఊడి విడివిడిగా తేలుతున్న బతికున్న కణాలు. అలా తేలుతూ ఉంటేనే అవి పెరుగుతాయని తెలిసింది. ఇవోన్ బార్, ట్రినిడాడ్‌కు చెందిన బెర్ట్ అచోంగ్‌లతో కలిసి ఆయన వాటిని పెంచి, వాటిలో వైరస్‌ను చూశాడు. 1964 మార్చి 28న లాన్సెట్‌లో ఆ సంగతి వెలువడింది. మనుషుల్లో కేన్సర్‌తో ముడిపడినట్టు తేలిన మొట్టమొదటి వైరస్ అదే. దానికి ఎప్‌స్టైన్, బార్‌ల పేర్లు వచ్చాయి. జబ్బుకు బర్కిట్ లింఫోమా అనే పేరు వచ్చింది. కణాలిచ్చిన పిల్లల పేర్లు కేసు కాగితాల్లో మిగిలాయి.

మరి ఆ పిల్లలకు వైద్యం? మొదట్లో బర్కిట్ దవడలు కోసి గడ్డ తీసేవాడు. ముఖం పాడయ్యేది, గడ్డ మళ్లీ వచ్చేది. కంపాలాలో రేడియేషన్ యంత్రం లేదు. 1960 ప్రాంతంలో న్యూయార్క్ నుంచి వచ్చిన కేన్సర్ నిపుణులు మెథోట్రెక్సేట్ అనే మందు వాడి చూడమన్నారు. బర్కిట్ వాడాడు. గడ్డలు రోజుల్లో కరిగిపోయాయి. కొందరు పిల్లలు ఒకటి రెండు మోతాదులతోనే కోలుకుని, పూర్తి వైద్యం అందకుండానే ఇంటికెళ్లి, ఏళ్ల తరబడి ఆరోగ్యంగా బతికారు.

ఆ మందు కథ భీమవరంలో మొదలవుతుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే జబ్బుకు పోగొట్టుకున్నాడు. ఆ జబ్బుకు జవాబైన ఫోలిక్ ఆమ్లాన్ని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందమే 1945లో తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లం కణాలను పెంచుతుంది కాబట్టి దాన్ని అడ్డుకునే పదార్థం కేన్సర్ కణాలను ఆకలితో మాడ్చగలదనే ఆలోచనతో, అదే బృందం అమినోప్టెరిన్‌నూ, దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌నూ తయారుచేసింది. సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో ల్యుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. పన్నెండేళ్ల తర్వాత ఆ తోబుట్టువు మందు ములాగో వార్డులో ఉబ్బిన దవడలను మామూలు చేసింది.

1967లో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ, మకెరెరె కలిసి ములాగో కొండ మీదే లింఫోమా చికిత్సా కేంద్రం తెరిచాయి. మొదటి డైరెక్టరు జాన్ జీగ్లర్ అనే యువ డాక్టరు. రెండేళ్లకు మిగతా గడ్డలకూ వార్డు చేరింది. అదే ఉగాండా కేన్సర్ ఇన్‌స్టిట్యూట్. ఒక మందు బదులు రెండు మూడు కలిపి ఇస్తే, మెదడుకు పాకిన జబ్బుకు వెన్నులోకి మందు ఎక్కిస్తే ఎంతమంది నిలుస్తారో అక్కడ పద్ధతి ప్రకారం చూశారు. దాదాపు సగం మంది పిల్లలు దీర్ఘకాలం బతికారు. ఈ లెక్క తేలాలంటే ఇంటికెళ్లిన పిల్లల సంగతి తెలియాలి. అందుకని సిబ్బంది బండి వేసుకుని పల్లెలు తిరిగేవారు. కేసు కాగితంలో రాసిన ఊరి పేరే వాళ్లకు ఆధారం. 1972లో బర్కిట్, జీగ్లర్ తదితరులకు లాస్కర్ అవార్డు వచ్చింది.

అదే 1972 ఆగస్టులో ఉగాండా పాలకుడు ఇదీ అమీన్, భారత ఉపఖండం నుంచి వచ్చి స్థిరపడిన ఆసియన్లు తొంభై రోజుల్లో దేశం వదలాలని ప్రకటించాడు. వ్యాపారులతో పాటు డాక్టర్లూ, ఫార్మసిస్టులూ వెళ్లిపోయారు. ఒకరి వెనక ఒకరు విదేశీ నిపుణులూ కదిలారు. అమెరికా డబ్బు ఆగింది. ఇన్‌స్టిట్యూట్ పగ్గాలు చార్లెస్ ఓల్వెనీ అనే ఉగాండా డాక్టరు చేతికొచ్చాయి. సైనికుల భయం, మందుల కొరత, జీతం చాలని నర్సులు. అంతటి కాలంలోనూ వార్డు మూయలేదు, కాగితాలు రాయడం మానలేదు. రేడియేషన్ యంత్రం లేని ఆ ఆసుపత్రిలో హాడ్జ్‌కిన్ లింఫోమా వచ్చిన పిల్లలకు మందులు మాత్రమే ఇచ్చి నయం చేయవచ్చని ఓల్వెనీ బృందం పదేళ్ల అనుభవంతో చూపించింది. పిల్లల ఒంటిని రేడియేషన్‌కు గురిచేయకుండానే వైద్యం సాగించవచ్చా అని తర్జనభర్జన పడుతున్న సంపన్న దేశాల డాక్టర్లకు అది పనికొచ్చే జవాబు.

1980ల మొదట్లో అదే వార్డులో కొత్త ముఖాలు కనిపించాయి. కపోసి సార్కోమా అనే చర్మపు కేన్సర్ ఉగాండాలో పాతదే. 1961లో దాని మీద కంపాలాలో అంతర్జాతీయ సమావేశమే జరిగింది. పెద్ద వయసు మగవాళ్ల పాదాల మీద నెమ్మదిగా లేచే గడ్డలుగా దాన్ని డాక్టర్లు ఎరుగుదురు. ఇప్పుడు వస్తున్నవాళ్లు యువతీయువకులు. గడ్డలు ఒళ్లంతా, మందులకు లొంగవు, నెలల్లో చావు. పాత కేసు కాగితాలు తెలిసినవాళ్లకు ఇది వేరే జబ్బని అర్థమైంది. ఇదే సమయంలో టాంజానియా సరిహద్దున ఉన్న రకాయ్ జిల్లా నుంచి చిక్కి శల్యమైన మనుషుల కబుర్లు వస్తున్నాయి. జనం దానికి ఇంగ్లీషు నుంచి తీసుకున్న మాటనే గాండాలో సిలీము అన్నారు. ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తున్న డేవిడ్ సెర్వడ్డా, ములాగో ఫిజీషియన్లు నెల్సన్ సెవాంకంబో, రాయ్ ముగెర్వా రకాయ్‌కు వెళ్లారు, రక్తం పరీక్షలు చేయించారు. 1985 అక్టోబరులో లాన్సెట్‌లో వాళ్ల వ్యాసం వచ్చింది. సిలీము అంటే ఎయిడ్సే.

జబ్బును గుర్తించిన పదిహేనేళ్ల దాకా ఆ వార్డుల్లో దానికి ఇవ్వడానికి మందు లేదనే చెప్పాలి. 1987లో నొయెరీన్ కలీబా తోటివారితో కలిసి టాసో అనే సంస్థను నిలబెట్టింది. రోగుల ఇళ్లకు వెళ్లి పక్కన కూర్చోవడమే అప్పట్లో చేయగలిగిన వైద్యం. 1997లో ములాగో ప్రసూతి వార్డులో ఒక చిన్న పరీక్ష మొదలైంది. ఫ్రాన్సిస్ మ్మీరో, ఫిలిప్పా ముసోకే, అమెరికా సహచరులు కలిసి ఆరు వందలకు పైగా హెచ్‌ఐవీ ఉన్న గర్భిణుల్లో కొందరికి జిడోవుడిన్ ఇచ్చారు, కొందరికి నెవిరపిన్ ఇచ్చారు. నెవిరపిన్ నొప్పులు మొదలవగానే తల్లికి ఒక్క మాత్ర, పుట్టిన మూడు రోజుల్లోగా బిడ్డకు కొన్ని చుక్కలు, అంతే. పద్నాలుగు నుంచి పదహారు వారాలకు చూస్తే జిడోవుడిన్ వాడినవాళ్ల పిల్లల్లో 25.1 శాతానికి, నెవిరపిన్ వాడినవాళ్ల పిల్లల్లో 13.1 శాతానికి వైరస్ సోకింది. ఒక్క మాత్రతో ముప్పు దాదాపు సగమైంది. 1999లో ఆ ఫలితం వెలువడ్డాక చాలా పేద దేశాల ప్రసూతి వార్డుల్లో ఆ మాత్రకు చోటు దొరికింది.

2002లో అదే పరీక్ష కాగితాల మీద వివాదం రేగింది. రికార్డులు అమెరికా నిబంధనలకు తగ్గట్టు లేవని ఆక్షేపణ వచ్చింది, మందు కంపెనీ అమెరికాలో అనుమతి కోసం పెట్టిన దరఖాస్తును వెనక్కి తీసుకుంది. ములాగో పేరు పత్రికల్లో నలిగింది. 2005లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఆ కాగితాలను తిరగేసి, ఫలితాలు నమ్మదగినవేనని తేల్చింది. ఈలోగా ఒక మాత్రతో తల్లిలో మందుకు లొంగని వైరస్ తలెత్తవచ్చని కూడా తెలిసి, తర్వాతి వైద్యం మూడు మందుల కలయికకు మారింది. ఆ మూడు మందులూ ఏడాదికి వేల డాలర్ల నుంచి సామాన్యుడికి అందే ధరకు దిగిరావడంలో ముంబై సిప్లాతో పాటు హైదరాబాద్ కంపెనీలు హెటెరో, అరబిందోల పాత్ర పెద్దది. 2000 ప్రాంతంలో కంపాలాలో డాక్టర్ పీటర్ ముగ్యెన్యీ పేటెంట్ చిక్కులను ఎదిరించి భారతీయ మందులు తెప్పించాడు. భీమవరం నుంచి న్యూయార్క్ మీదుగా ఒకసారి వచ్చిన మందు దారి, ఈసారి నేరుగా పడింది.

కేన్సర్ దగ్గర మాత్రం దారి అంత సాఫీగా లేదు. 1995లో ఎట్టకేలకు ములాగోకు కోబాల్ట్ రేడియేషన్ యంత్రం వచ్చింది. దేశం మొత్తానికి అదొక్కటే. 2016లో అది బాగుచేయడానికి వీల్లేకుండా పాడైంది. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌తో ఉన్న ఆడవాళ్లు ఆగిపోయిన యంత్రం గది బయట కూర్చున్నారు. కొందరిని నైరోబీకి పంపే ఏర్పాటు జరిగింది. ఎక్కువమందికి ఆ ప్రయాణం అందుబాటులో లేదు. 2018 జనవరిలో కొత్త యంత్రం మొదలయ్యేదాకా దాదాపు రెండేళ్లు ఆ దేశంలో రేడియేషన్ వైద్యం లేదు. మానవ కేన్సర్ వైరస్ దొరకడానికి కణాలిచ్చిన ఆసుపత్రి అది, రెండు మూడు మందుల కలయికతో కేన్సర్‌ను జయించవచ్చని లోకానికి చూపిన వార్డుల్లో ఒకటి అది.

2004లో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచ్ కేన్సర్ పరిశోధన కేంద్రం ఇన్‌స్టిట్యూట్‌తో చేతులు కలిపింది. 2015లో ములాగో కొండ మీద ఉమ్మడి భవనం తెరిచారు. ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరుగా జాక్సన్ ఓరెమ్ పని మొదలుపెట్టిన రోజుల్లో దేశమంతటికీ దాదాపు ఆయనొక్కడే కేన్సర్ డాక్టరు. తర్వాత పదుల మంది యువ డాక్టర్లు తర్ఫీదు పొంది వచ్చారు. బర్కిట్ లింఫోమా పిల్లలు ఇప్పటికీ వస్తున్నారు. మలేరియా ఎక్కువున్న ఉత్తర జిల్లాల నుంచి, చాలాసార్లు నాటువైద్యుడి దగ్గరా చిన్న క్లినిక్కుల దగ్గరా నెలలు గడిపాక, గడ్డ కంటిదాకా పాకాక.

ఆ పిల్లల పేర్లు వార్డు పుస్తకంలోనే ఆగవు. పాథాలజిస్టు జాక్ డేవిస్ 1951లో కంపాలా కేన్సర్ రిజిస్ట్రీ మొదలుపెట్టాడు. నగరం, దాని చుట్టూ ఉన్న కియాడొండో కౌంటీలో ఎవరికి ఏ కేన్సర్ వచ్చినా నమోదు చేయడం దాని పని. అమీన్ ఏళ్లలో కుంటుపడి, 1980ల చివర మళ్లీ లేచింది. కపోసి సార్కోమా మగవాళ్ల కేన్సర్లలో మొదటి స్థానానికి ఎగబాకిన సంగతి లెక్కలతో చెప్పింది ఈ రిజిస్ట్రీయే. దాని సిబ్బంది ఆసుపత్రులు తిరిగి కేసు కాగితాలు చూసి ఎక్కించుకుంటారు. పేరు, వయసు, జబ్బు, తేదీ. ఆ కాగితాల్లో ఒక గడి ఖాళీగా ఉంటే మాత్రం వాళ్లు మళ్లీ వార్డుకు వెళ్లి, మంచం పక్కన కూర్చున్న తల్లిని అడిగి రాసుకోవాలి: ఏ ఊరు?